బార్కస్ పేట

భాగ్యనగరమును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మింపజేసినప్పుడు, అందు ప్రధాన పాత్ర వహించిన పీష్వా మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ పారసీక దేశస్థుడగుటచే, ఈ నగరము పుట్టుకతోనే పరదేశీయుల హస్తస్పర్శ నెరిగినదని చెప్పవచ్చును. అయినను నా మనస్సు మాటిమాటికిని పోవునది చాంద్రాయణగుట్ట చెంతనున్న బార్కస్ పేటకే.

యెమెను దేశమందలి హద్రమౌత్ సీమనుండి సముద్రము దాటి వచ్చి, నిజాము కొలువున సైనికులై నిలిచిన అరబ్బుల నివాసమిది. సైనికశాలలకు ఆంగ్లేయులు వాడిన ‘బారక్స్’ అను పదమే జనుల నాలుకలపై నలిగి బార్కస్ అయినది. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరి, ఆ కొలువు అంతరించినను, పెక్కు కుటుంబములు ఈ మట్టిని విడువలేదు. వారు కట్టు లుంగీయు, ఈ పేట పేరుతోనే నగరమెల్ల నెరిగిన జామపండ్లును ఆ స్థిరనివాసమునకు సాక్ష్యములు.

అన్నిటికంటె నన్నాకర్షించునది హరీసు. గోధుమలను మాంసముతో కలిపి, గంటల తరబడి ఉడికించి, మెత్తగా మెదిపెడి యీ అరబ్బు వంటకము మిక్కిలి నిరాడంబరమైనది. దాని సహోదరియగు హలీము మాత్రము దక్కను మసాలాలతోను, నేతితోను, వేయించిన ఉల్లిపాయలతోను అలంకృతమై, 2010లో హైదరాబాదు పేరిట భౌగోళిక గుర్తింపును పొందినది. రంజాను సాయంకాలములందు దానికై బారులు తీరు జనులలో తెలుగువాడెవ్వడును దానిని పరదేశపు తిండిగా తలంపడు.