జగ్గయ్యపేట శాసనంలోని నాగార్జునుడు ఎవరు?

గుంటూరు దగ్గర నంబూరులో 1976లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి నాగార్జునుడి పేరు పెట్టారు. 2004లో ఆ పేరు ముందు ‘ఆచార్య’ చేరింది. మచిలీపట్నం కేంద్రంగా 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చేదాకా జగ్గయ్యపేట, నందిగామ డిగ్రీ కాలేజీల్లో చదివినవాళ్లు ఆ విశ్వవిద్యాలయం పట్టాలే పుచ్చుకున్నారు. నాగార్జునాచార్యుడనే పేరున్న ఒక పాత శాసనం దొరికింది జగ్గయ్యపేటలోనే. ఆ పేరు బౌద్ధంలోని మాధ్యమిక తత్వవేత్త నాగార్జునుడిదేనా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న ప్రశ్న.

జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరుమీద పేటను కట్టించాక ఈ పేరు స్థిరపడింది. పాలేరు ఒడ్డున ఉన్న ఈ ఊరిని ఆనుకున్న గుట్టమీది దిబ్బను జనం ధనబోడు అనేవారు. జేమ్స్ బర్జెస్ 1882లో అక్కడ తవ్వించి స్తూపాన్ని వెలికితీశాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలమీద ఆయన పుస్తకం 1887లో అచ్చయింది. ఆయన వచ్చేసరికే స్తూపం రాళ్లు చాలావరకు ఊళ్లో కట్టడాలకు తరలిపోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. చక్రవర్తి చెయ్యెత్తి మబ్బును తాకితే నాణేలు కురుస్తున్నట్టు చెక్కిన ప్రసిద్ధ మాంధాత ఫలకాన్ని జగ్గయ్యపేట విద్యార్థి చూడాలంటే నేటికీ చెన్నైలోని ఎగ్మూరుకు వెళ్లాల్సిందే.

స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో ఎక్కువగా చర్చకు వచ్చింది ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి 20వ ఏటిది. ఇది 3వ శతాబ్దపు ప్రాకృత శాసనం. సిద్ధార్థుడనే శిల్పి వేలగిరి గ్రామంలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు (స్తూపం ముందుకు పొడుచుకొచ్చిన వేదికమీద నిలిపేవి) నిలిపాడని అది చెబుతుంది. శిల్పి తన తల్లి నాగిలాని, భార్య సముదాని, కొడుకు, కూతురు, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలు, అందరి పేర్లూ రాయించాడు. సకల జీవుల హితసుఖాల కోసం ఈ దానమని కూడా అందులో ఉంది. ఈ శాసనంలో కనిపించే కమ్మకరాష్ట్రం గురించి మనవాళ్లు వాదించుకున్నంతగా ఈ కుటుంబం గురించి ఆలోచించలేదు. చేతిపనితో బతికే ఒక ఇల్లు అయిదు స్తంభాలు నిలపగలిగిందంటే ఆ కాలపు శిల్పుల ఆదాయం, హోదా ఏపాటివో అడగాల్సింది. ఆంధ్రదేశపు ఆర్థిక చరిత్రలో ఆ ప్రశ్నకు ఇంకా చోటుంది.

నాగార్జునాచార్యుడి పేరున్న శాసనం వేరు. అది ఒక బుద్ధ ప్రతిమకు సంబంధించింది. భాష సంస్కృతం, లిపి చాలా తర్వాతిది. భదంత నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధత్వ ప్రాప్తి కోసం ఈ ప్రతిమను ప్రతిష్ఠించాడని దాని సారాంశం. అక్షరాల తీరును బట్టి బర్జెస్ దీన్ని దాదాపు క్రీ.శ. 600 నాటిదిగా భావించాడు.

చిక్కు ఈ కాలం దగ్గరే మొదలవుతుంది. మాధ్యమిక తత్వవేత్త నాగార్జునుణ్ణి చాలామంది పండితులు 2, 3 శతాబ్దాల్లో ఉంచుతారు. 5వ శతాబ్దం తొలినాళ్లలోనే కుమారజీవుడు నాగార్జునుడి గ్రంథాలను చైనా భాషలోకి మార్చాడు కాబట్టి ఆయన్ని అంతకన్నా ఇటు తేవడానికి వీల్లేదు. శాసనంలో శిష్యుడంటే ఎదుట కూర్చుని చదువుకున్నవాడనే అర్థం తీసుకుంటే చంద్రప్రభుడికి తాతగురువు 6వ శతాబ్దం వాడవుతాడు. అప్పుడు ఈయన అదే పేరు పెట్టుకున్న మరో భిక్షువు. అది అసాధారణమేమీ కాదు. రసవాద గ్రంథాలు, తాంత్రిక గ్రంథాలు నాగార్జునుడి పేరుతోనే చలామణి అయ్యాయి. శిష్యుడంటే పరంపరలోని వాడని తీసుకుంటే మాత్రం మూలగురువుకూ జయప్రభుడికీ మధ్య ఎన్ని తరాలైనా ఉండవచ్చు. శాసనపాఠం ఒక్కటే ఈ రెంటిలో దేన్నీ తేల్చదు. నాకు మొదటిదే సబబుగా కనిపిస్తుంది. మధ్య తరాలను దాటేసి మూలపురుషుడి పేరు చెప్పదలచినవాడు జయప్రభుణ్ణి ఆయన పక్కనే, అదే మాటతో నిలపడు.

నాగార్జునకొండ కూడా ఈ విషయంలో సాయం చెయ్యదు. లాంగ్‌హర్స్ట్ 1920ల చివర్లోనూ, ఆర్. సుబ్రహ్మణ్యం 1954 నుంచి 1960 వరకూ అక్కడ తవ్వకాలు నడిపారు. దొరికిన ఇక్ష్వాకు శాసనాల్లో రాణుల పేర్లు, విహారాల పేర్లు, బౌద్ధ శాఖల పేర్లు ఉన్నాయి. నాగార్జునుడి పేరు లేదు. కొండకు ఆ పేరు తర్వాతి కాలంలో వచ్చింది. తత్వవేత్తకు కృష్ణా తీరంతో సంబంధం ఉందనే వాదానికి గట్టి ఆధారం శాసనాల్లో కాదు, గ్రంథంలో ఉంది. నాగార్జునుడి రచనగా చెప్పే రత్నావళిలో రాజుకు చెప్పిన హితవుల్లో పద్మంమీద కూర్చున్న బుద్ధ ప్రతిమలు చేయించమనే సూచన ఒకటి. పద్మపీఠం శిల్పంలోకి ఎప్పుడొచ్చిందో గమనించి, జోసెఫ్ వాల్సర్ అనే అమెరికన్ పరిశోధకుడు రత్నావళి రచనను 2వ శతాబ్దం చివర, శాతవాహనుల నేలమీద ఉంచాడు. తెలివైన వాదమే. కొత్త తవ్వకంలో ఇంకా పాత పద్మపీఠం ఒక్కటి బయటపడితే కాలాన్ని మళ్లీ లెక్కగట్టాల్సి వస్తుందన్నది దాని బలహీనత.

ఇంతకీ చంద్రప్రభుడి శాసనం రుజువు చేసేది ఏమిటి? క్రీ.శ. 600 ప్రాంతంలో, ఇక్ష్వాకులు పోయిన రెండు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా, ఇక్కడ గురుశిష్య పరంపరలో చదువు సాగుతోందని. బుద్ధత్వాన్నే కోరుకోవడం మహాయాన ధోరణికి దగ్గర. ఆ ఒక్క మాటతో ఇది మహాయాన విహారమని ముద్ర వేయడం తొందరపాటు. చుట్టుపక్కల సాక్ష్యం ఈ చిత్రానికి సరిపోతుంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ బౌద్ధ విహారానికి దానమిచ్చినట్టు నల్లగొండ ప్రాంతంలో దొరికిన తుమ్మలగూడెం రాగి రేకులు చెబుతున్నాయి. 7వ శతాబ్దంలో ధాన్యకటకం వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ అక్కడ నెలల తరబడి ఉండి, ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకుని, వాళ్లకు మహాయాన శాస్త్రాలు చెప్పాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. తనది కాని శాఖ గ్రంథాన్ని తాను నేర్చుకుని, తనది ఎదుటివాళ్లకు నేర్పడం! ఆ ధాన్యకటకం, అంటే నేటి అమరావతి, జగ్గయ్యపేటకు సుమారు 50 కిలోమీటర్లు.

చదువు సాగాలంటే తిండి ఉండాలి. నందిగామ వైపు అల్లూరులో దొరికిన బ్రాహ్మీ శాసనం ఆ లెక్క చెబుతుంది. పూర్వశైల శాఖ ఆచార్యులకు ఇచ్చిన భూములు, గోవులు, ఎడ్లు, బండ్లు, పాత్రలు, నగదు అందులో వరసగా ఉన్నాయి. దాసదాసీలూ ఉన్నారు. విహారాలను ప్రాచీన విశ్వవిద్యాలయాలని పొగిడేటప్పుడు ఆ దాసదాసీలను వదిలెయ్యకూడదు. ఆచార్యులు తీరిగ్గా చదువుకున్నారంటే పొలంలోనూ గొడ్ల దగ్గరా మరెవరో పనిచేశారు.

నాగార్జునాచార్యుడి ప్రశ్నను ముందుకు నడిపే పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. తుమ్మలగూడెం రేకుల్లో రెండో శాసనానికి శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566, అని తేదీ ఉంది. దాని అక్షరాలను ఒక్కొక్కటిగా చంద్రప్రభుడి శాసనం అక్షరాలతో పోల్చాలి. రాగిమీద గీసిన అక్షరానికీ రాతిమీద చెక్కిన అక్షరానికీ పోకడ కొంత మారుతుంది కనుక అదే కాలపు రాతి శాసనాలను కూడా పక్కన పెట్టుకోవాలి. బర్జెస్ వేసిన కాలం నిలిస్తే తాతగురువు 6వ శతాబ్దం వాడన్న అభిప్రాయం బలపడుతుంది. ఒక వందేళ్లు వెనక్కి జరిగినా తత్వవేత్తకూ జయప్రభుడికీ మధ్య ఖాళీ పూడదు గానీ పరంపర వాదానికి కొంత ఊపిరి వస్తుంది. ఎం.ఏ. చరిత్ర విద్యార్థి ఒకరు ఏడాది ప్రాజెక్టుగా తీసుకోదగ్గ పని ఇది.

జగ్గయ్యపేటలో చేయాల్సింది మరొకటి. ధనబోడునుంచి ఊళ్లోకి పోయిన రాళ్లలో అక్షరాలున్నవి పాత గోడల్లో, మెట్లలో ఇంకా మిగిలి ఉండవచ్చు. ఇళ్లవాళ్ల అనుమతితో, రాయిని కదపకుండా, ఫొటో తీసి కొలతలు రాసుకునే సర్వే అక్కడి కాలేజీ విద్యార్థులు చేయగలరు. ఆ ఇళ్లలో అవ్వతో, తాతతో మాట కలిపి పాత గోడ ఎప్పుడు లేపారో అడిగి తెలుసుకోవడం బయటినుంచి వచ్చిన పరిశోధకుడికన్నా వాళ్లకే సులువు.