మసక మరకల నుంచి గెలాక్సీల దాకా

ఎండాకాలంలో మిద్దె మీద పడుకునే అలవాటు కర్నూలు, కడప పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. మీకు ఆ అలవాటుంటే, మే నెలలో అర్ధరాత్రి దాటాక ఆగ్నేయ దిక్కు నుంచి ఒక తెల్లటి మసక పట్టీ పైకి రావడం చూసే ఉంటారు. అదే పాలపుంత. ధనుస్సు రాశి దగ్గర అది వెడల్పుగా, నడుమ నల్లగా చీలినట్లు కనబడుతుంది. ఆ నలుపు ఖాళీ జాగా కాదు. వెనక ఉన్న నక్షత్రాల వెలుగును అడ్డుకుంటున్న ధూళి. మన గెలాక్సీ కేంద్రం ఆ వైపే, సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

గెలాక్సీల రకాలను మీరు పట్టికగా చదివే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. నూరేళ్ల క్రితం దాకా, పాలపుంత కాక ఇంకొక గెలాక్సీ ఉందా అన్నదే తేలలేదు. దూరదర్శినిలో మసకగా కనబడే ప్రతిదాన్నీ నీహారిక అనేవారు. 1845లో ఐర్లండులో లార్డ్ రాస్ తన పెద్ద దూరదర్శినితో చూసి, వాటిలో ఒకదానికి సుడి తిరిగిన ఆకారం ఉందని బొమ్మ గీశాడు. అది మనకు దగ్గరలో ఉన్న వాయువుల సుడా, లేక ఎంతో దూరాన ఉన్న నక్షత్రాల రాశా? దూరం తెలియనిదే జవాబు చెప్పలేం. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో షాప్లీ, కర్టిస్ దీని మీదనే వాదించుకున్నారు. పాలపుంత చాలా పెద్దదనీ, సుడి నీహారికలు వేరే గెలాక్సీలు కావనీ షాప్లీ అన్నాడు. పాలపుంత చిన్నదే, అవి మాత్రం వేరే గెలాక్సీలని కర్టిస్ అన్నాడు. నా ఉద్దేశంలో ఈ వాదం చరిత్ర విద్యార్థికి మంచి పాఠం. పాలపుంత పరిమాణంలో షాప్లీ, నీహారికల విషయంలో కర్టిస్ నిజానికి దగ్గరగా ఉన్నారు. ఏ ఒక్కరూ పూర్తిగా గెలవలేదు.

తగువు తీర్చిన కొలబద్ద అంతకు ముందే సిద్ధమైంది. కొన్ని నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గుతుంటుంది. వాటిని సెఫీడ్లు అంటారు. ఈ హెచ్చుతగ్గులకు పట్టే కాలం ఎంత ఎక్కువైతే ఆ నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువని హెన్రియెట్టా లీవిట్ 1912లో చూపింది. దూరాన చెరువుకట్ట మీద దీపం కనబడిందనుకోండి. అది ఎంత పెద్ద దీపమో ముందే తెలిస్తే, కంటికి ఆనే వెలుగును బట్టి కట్ట ఎంత దూరమో లెక్క కట్టవచ్చు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నీహారిక ఫొటోలో అలాంటి నక్షత్రాన్ని పట్టుకున్నాడు. ఆయన లెక్కకు దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. నేటి లెక్క 25 లక్షలు. తక్కువగా వచ్చినా ఆ అంకె చాలు, ఆండ్రోమెడా పాలపుంతకు చాలా అవతల ఉందని తేలిపోయింది.

అదే కాలంలో హైదరాబాదులో ఏం జరుగుతోంది? 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చింది. పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని నక్షత్రపటం తయారుచేస్తుంటే, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ ఆ పని నడిపించారు. గాజు పలకల మీద చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాల్లో అచ్చువేశారు. విసుగు పుట్టించే పనే, కాదనను. పేరు తెచ్చే పని కూడా కాదు. కానీ 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర జాబితాలో సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్క కట్టడానికి ఆ పాత కొలతలే ఒక ఆధారమయ్యాయి. నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే దాని పాత చోటు తెలియాలి కదా!

ఇక రకాల సంగతి. హబుల్ 1926లో ఆకారాన్ని బట్టి గెలాక్సీలను విభజించాడు. దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో ఎర్రబారిన ముసలి నక్షత్రాలే ఎక్కువ. కొత్త నక్షత్రాలు పుట్టడానికి కావలసిన చల్లని వాయువు తక్కువ. కన్యారాశి వైపున్న ఎం-87 ఇలాంటిది. దాని నడుమ సూర్యుడికి సుమారు 650 కోట్ల రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉంది. 2019లో విడుదలైన తొలి కృష్ణబిలం చిత్రం దానిదే. సర్పిలాకార గెలాక్సీల్లో నడుమ ఉబ్బు, చుట్టూ పలుచని పళ్లెం, అందులో వాయువు, ధూళి, చేతుల వెంట నీలి రంగు పడుచు నక్షత్రాలు ఉంటాయి. పాలపుంత ఇదే జాతి. దాని నడుమ నక్షత్రాల కడ్డీ కూడా ఉంది. ఏ ఆకారానికీ లొంగనివి క్రమరహిత గెలాక్సీలు. కంటికి కనబడే వీటన్నిటితో లెక్క సరిపోదు. ఆండ్రోమెడా అంచున తిరిగేవాటి వేగం అనుకున్నట్లు తగ్గడం లేదని వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో కొలిచారు. దాన్ని బట్టి, కనబడని కృష్ణ పదార్థం అక్కడ పెద్ద మొత్తంలో ఉండాలి.

నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఏటా కనబడే తప్పు ఒకటుంది. "దీర్ఘవృత్తాకార గెలాక్సీయే కాలక్రమంలో సర్పిలాకారం అవుతుంది" అని రాస్తారు. మీ తప్పు పూర్తిగా కాదు. హబుల్ తన వరుసలో ఈ కొసను 'ముందటివి', ఆ కొసను 'తరవాతివి' అని పిలిచాడు. ఆ పేర్లు చదివినవాళ్లు వాటిని వయసుగా తీసుకున్నారు. నిజానికి రెండు సర్పిలాకార గెలాక్సీలు ఢీకొని కలిసిపోతే దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఏర్పడగలదు. పరీక్షలో ఈ మాట రాయండి.

ఆండ్రోమెడాను నవంబరు మధ్యలో, చీకటి రాత్రి, తొమ్మిది దాటాక నడినెత్తి నుంచి కాస్త ఉత్తరానికి వెతకండి. దూది పింజలా ఉంటుంది. రెండోది కష్టం. జనవరి మొదటి వారంలో రాత్రి పదిన్నరకు, దక్షిణాన కొండలు అడ్డు లేని చోట నిలబడి అగస్త్య నక్షత్రం కిందికి, కొంచెం కుడికి చూడండి. పెద్ద మాజెల్లాన్ మేఘం అక్కడ ఉంటుంది. కడప నుంచి అది దిగంతానికి ఆరు డిగ్రీలకు మించి లేవదు, కర్నూలు నుంచి ఐదే. దుమ్ము, పొగమంచు లేని రాత్రి దొరకాలి. కడపవాళ్లకు ఒక డిగ్రీ లాభం.