జేజి చెప్పిన యోబు

మంట దగ్గరికి జరుగు అబ్బీ. పుంగనూరు చలి సంగతి నీకు తెలీదు. ఆ ఫోను జేబులో పెట్టు, ఈ ముచ్చట తొందరగా తెగేది కాదు.

దేవుడుంటే మంచోళ్ళకు ఇన్ని కష్టాలెందుకని అడిగినావు కదా? మా జేజిని అడిగినా జవాబు చెప్పేది కాదు, యోబు కథ ఎత్తుకునేది. గొడ్లు పోయి, బిడ్డలు పోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులొచ్చి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నోరెత్తకుండా నేలమీద కూర్చున్నారంట. "అంతవరకూ బాగా చేసినారు, నోరు తెరిచి చెడగొట్టినారు" అనేది జేజి. ఇదంతా నీ పాపమేనని మొదలుపెట్టినారు మరి! చివరికి దేవుడి కోపం వాళ్ళ మీదే పడింది. తనను నిలదీసిన యోబే తన గురించి సరిగ్గా మాట్లాడినాడన్నాడు.

మా ముత్తాత వాళ్ళు ధాత కరువు తర్వాత క్రైస్తవుల గుడిలో కలిసినారు. 1876 నుంచి 78 దాకా ఈ సీమను ఎండగట్టిన కరువది. కడుపు కోసం కలిసినారని ఊళ్ళో దెప్పేవాళ్ళు. ఆకలి రుచి ఎరగదు, నిజమే. అయితే వానలు పడి, చెరువులు నిండి, రాగులు చేతికొచ్చినాక కూడా మావాళ్ళు గుడి మానలేదే!

అప్పటికే మదనపల్లిలో మిషనరీ జాకబ్ చాంబర్లేన్ దొర ఉండేవాడు. 1863లో వచ్చినాడు. చేతిలో వైద్యం, నోట్లో తెలుగు. తెలుగు బైబిలును సవరించిన వాళ్ళలో ఆయనొకడు. 1908లో మదనపల్లిలోనే కన్నుమూసినాడు. ఆయన గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది, ఇంకోరోజు చెప్తా.

ఆరోగ్యవరం చూసినావా? 1915లో పెట్టిన శానిటోరియం అది. ఎన్నో మిషన్లు కలిసి కట్టినాయి. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మొల్లర్ డాక్టరు దాన్ని నిలబెట్టినాడు. స్ట్రెప్టోమైసిన్ రాకముందు టీబీకి మందేముంది? గాలి, విశ్రాంతి, మంచి తిండి. మా మేనమామ అక్కడున్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ పోయినా. ఆ దారిన బస్సు పోతుంటే జనం తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మలుపు దాటగానే ఒకే బీడీని నలుగురు పీల్చేవాళ్ళు! మనుషులు, ఏం చేస్తావు.

వరండాలో వరసగా మంచాలు. ప్రతి మంచం పక్కన మూతున్న ఉమ్మి కప్పు. మామ భార్య తరఫోళ్ళు ఒక్కరూ తొంగిచూడలేదు. ఒక నర్సమ్మ మాత్రం ఆయన దగ్గు తెరలు తగ్గేదాకా స్టూలు మీద కూర్చుని ఉండేది. ప్రార్థన చేస్తావా అని మామ అడిగితే, ఊరికే తల మీద చెయ్యి వేసింది. వాక్యం చెప్పలేదు, ఓదార్చలేదు. జేజి చెప్పిన ఏడు రోజులు నాకు అప్పుడు అర్థమైనాయి.

ఇంక మా కులపోళ్ళ గ్లాసుల సంగతి. హోటల్లో కాఫీ అర్ధణా. మా గ్లాసు బయట గూట్లో బోర్లించి ఉండేది. తాగి మేమే కడిగి పెట్టల్ల. ఇంకో మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. గుడిలో కూడా కులం బయట చెప్పుల దగ్గర ఆగిపోలేదు, పెళ్ళి సంబంధాల కాడ బాగా తెలిసేది. ఆ పాపం మనదే అబ్బీ, దాన్ని ఎవరి మీదా తోసేది లేదు.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువు కానివాడు ఎస్సీ కాడని. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులైన మనల్ని వదిలేసినారు. సర్టిఫికెట్‌లో క్రైస్తవుడని పడితే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన గూట్లోని గ్లాసు లోపలికి రాలేదు కదా! 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం అడ్డు తీసెయ్యమంది. 2022లో ఇదే సంగతి చూసేదానికి బాలకృష్ణన్ కమిషన్ వేసినారు.

"ఓర్చుకో, పరలోకంలో దొరుకుతుంది" అనే వాళ్ళున్నారు. వాళ్ళు యోబు స్నేహితుల వంశం. అడగందే అమ్మైనా పెట్టదు. యోబు దేవుణ్ణే అడిగినాడు, మనం సర్కారును అడిగేదానికి భయమెందుకు? ఆదివారం ఆరాధన అయినాక పాస్టరయ్య ఇదే అడుగుతూ రాసిన అర్జీ మీద సంతకాలు తీసుకుంటాడంట. పొద్దున్నే లెయ్యి, నన్ను నీ బండి మీద తీసుకుపో.