ఐస్‌లాండ్ చరిత్రలో నేల, పశుసంపద, పుస్తకం

ఉపోద్ఘాతం

ఉత్తర అట్లాంటిక్‌లో ధ్రువవృత్తానికి కొద్దిగా దక్షిణాన ఉన్న ఐస్‌లాండ్ సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్ల ద్వీపదేశం. ఆలయాలు, కోటలు వంటి ప్రాచీన కట్టడాలు ఇక్కడ దాదాపు లేవు. ఈ జాతి తన గతాన్ని పుస్తకాలలో నిలుపుకున్నది. ఆ పుస్తకాలకు నేలతో, పశుసంపదతో గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వలస - అడవి

సంప్రదాయం ప్రకారం 874లో ఇంగోల్ఫుర్ అర్నార్సన్ నార్వే నుండి వచ్చి రేక్యావిక్‌లో స్థిరపడ్డాడు. 930లో ఆల్థింగి అనే శాసనసభ ఏర్పడింది. రాజు లేని ఆ సమాజంలో చట్టం కంఠస్థంగా ఉండేది. సభాధికారి ఏటా మూడోవంతు చొప్పున దానిని వినిపించేవాడు. వలస కాలంలో కొండలకూ తీరానికీ నడుమ అడవి ఉండేదని 12వ శతాబ్ది చరిత్రకారుడు ఆరి థోర్గిల్సన్ పేర్కొన్నాడు. వంటచెరకు కోసం, బొగ్గు కోసం బిర్చ్ చెట్లను నరికారు. గొర్రెల మేత వల్ల మొక్కలు తిరిగి ఎదగలేదు. తేలికైన అగ్నిపర్వత మృత్తిక గాలికి కొట్టుకుపోయింది. నేడు అడవి విస్తీర్ణం సుమారు 2 శాతం మాత్రమే.

చర్మపత్రాలు - పఠనం

అడవిని హరించిన పశుపోషణే సాహిత్యానికి ఆధారం కావడం గమనార్హం. దూడతోళ్లను పత్రాలుగా మలచి 13, 14 శతాబ్దాలలో సాగాలను, ఎడ్డా కవితలను లాటిన్‌లో కాక దేశభాషలోనే లిఖించారు. 1262-64లో దేశం నార్వే రాజుకు లోబడింది, అనంతరం డెన్మార్క్ పాలనలోకి వెళ్లింది. అయినా చలికాలపు రాత్రులలో ఇంటిల్లిపాదీ ఉన్ని పని చేస్తుండగా ఒకరు బిగ్గరగా చదివే ‘క్వోల్డ్‌వాక’ ఆచారం పల్లె ఇళ్లలో కొనసాగింది.

పేదరికం మరోవైపు పుస్తకాలను దెబ్బతీసింది. చర్మపత్రాలను బట్టల కత్తిరింపుకు నమూనాలుగా వాడిన దాఖలాలున్నాయి. కోపెన్‌హాగన్‌లో ఆచార్యుడైన ఐస్‌లాండ్ పండితుడు ఆర్ని మాగ్నుస్సన్ (1663-1730) ఇటువంటి ముక్కలను సైతం సేకరించాడు. 50,358 మందిని నమోదు చేసిన 1703 జనగణనలోనూ ఆయన పాత్ర ఉంది. 1728 నాటి కోపెన్‌హాగన్ అగ్నిప్రమాదంలో ఆయన గ్రంథాలు అనేకం కాలిపోయాయి, రాతప్రతులు మాత్రం అధికభాగం దక్కాయి.

విపత్తు - పునరాగమనం

1783 జూన్‌లో మొదలైన లాకి విస్ఫోటనం ఎనిమిది నెలలు సాగింది. ఫ్లోరిన్ విషం సోకిన గడ్డి తిని పశువులు మరణించాయి. తరువాతి కరువులో జనాభాలో సుమారు ఐదోవంతు నశించింది. 1800లో ఆల్థింగి సైతం రద్దయి, 1845లో పునరుద్ధరణ పొందింది. 1944 జూన్ 17న గణతంత్రం ఏర్పడినా రాతప్రతులు డెన్మార్క్‌లోనే మిగిలాయి. సుదీర్ఘ న్యాయవివాదం అనంతరం 1971 ఏప్రిల్ 21న ‘కోడెక్స్ రేగియస్’, ‘ఫ్లాటేయర్‌బోక్’ ప్రతులు డేనిష్ నౌకలో రేక్యావిక్ చేరాయి. అప్పగింత 1997లో ముగిసింది.

ముగింపు

కోపెన్‌హాగన్‌లో భద్రపరచడం వల్లనే ఈ వాఙ్మయం దక్కిందన్న వాదంలో కొంత సత్యముంది. అయితే పుస్తకం మిగలడం వేరు, దానిని చదవగల సమాజం మిగలడం వేరు. రెండోదానిని కాపాడినవి పల్లె ఇళ్లు. ఐస్‌లాండ్ హక్కుకు నైతిక బలం ఆ పఠన సంప్రదాయం నుండే వచ్చిందని చెప్పవచ్చు. పుస్తకాలు తిరిగివచ్చాయి గాని నేల ఇంకా కోలుకోలేదు. 1907 చట్టంతో ఆరంభమైన మృత్తికా సంరక్షణ నేటికీ సాగుతున్నది.