ఐగుప్తు సమాధులు, నాగార్జునకొండ ఛాయాస్తంభాలు

మరణానంతర జీవితమనగానే మన పాఠకులకు మొదట గుర్తుకు వచ్చేది ఐగుప్తు. యాకోబు శవానికి నలువది దినాలు సుగంధ ద్రవ్యాలు పట్టించిన సంగతి ఆదికాండము 50వ అధ్యాయంలో చదివినవారమే. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూచినవారూ ఉన్నారు. అయితే మృతుల కొరకు రాతిపై బొమ్మలు చెక్కిన నేల గుంటూరు సీమలోనూ ఉంది.

ఐగుప్తీయుల దృష్టిలో మనిషి అంటే దేహం మాత్రమే కాదు. 'కా', 'బా' అనే ఆత్మాంశాలు, హృదయం, పేరు, నీడ కూడా కలిస్తేనే మనిషి. అందుకే శవాన్ని ఎండబెట్టి గుడ్డలు చుట్టారు, గోడలపై పేరు చెక్కారు. ఒసిరిస్ ఎదుట హృదయాన్ని మాఆత్ దేవత ఈకతో తూచే చిత్రం, పరలోకపు పొలంలో మృతుడు కోత కోసే చిత్రం, అతని బదులు పాటుపడటానికి సమాధిలో ఉంచిన చిన్న బొమ్మలు, ఇవన్నీ ముందున్న జీవితానికి చేసిన ఏర్పాట్లు.

క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునకొండ లోయలో ఉండేది. అక్కడ చనిపోయినవారి పేర నిలిపిన స్తంభాలను ప్రాకృత శాసనాలు 'ఛాయాఖంభం' అన్నాయి. ఛాయ అంటే నీడ, ప్రతిరూపం కూడా. మాట కలిసింది గనుక ఐగుప్తు నుండి అరువు తెచ్చుకున్నారనుట తొందరపాటు. లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికిన మాట నిజమే, కాని నాణెం వచ్చిన దారిన నమ్మకమూ వచ్చిందనడానికి వేరే ఆధారం కావాలి. పైగా ఈ స్తంభాల చూపు వెనక్కి. శాంతమూల మహారాజు స్తంభంపై వరుసలుగా చెక్కిన దృశ్యాలు ఆయన బ్రదికిన రోజులవి: ఏనుగుపై స్వారీ, రాణులతో కొలువు. తీర్పు లేదు, తూనిక లేదు. ఐగుప్తు ఖనన గదిలోని బొమ్మ మృతునికి ఉపయోగపడాలి, ఇక్కడి బొమ్మ మిగిలినవారికి. రాజులకే గాక సైనికులకు, ఒక శిల్పికి కూడా ఇట్టి స్తంభాలు నిలిపారు.

అంతమాత్రాన ఇక్కడివారికి పరలోక చింత లేదనుట సరికాదు. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ ఉపాసిక. మేనల్లుడూ అల్లుడూ అయిన వీరపురుషదత్తుని (మన మేనరికం పాతదే!) 6వ పాలనా సంవత్సరంలో ఆమె మహాచైత్యానికి స్తంభం నిలుపుతూ ఉభయలోకాల మేలును, నిర్వాణాన్ని కోరింది. ఒకే ఇంట యజ్ఞం చేసిన సోదరుడు, నిర్వాణం కోరిన సోదరి. ఆ చైత్యంలో బయటపడినది బంగారు భరిణెలో ఒక చిన్న ఎముక ముక్క. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలులో తీసిన రాతి పేటికలలోనూ స్ఫటిక పాత్రలో దాచిన ధాతువే. దేహమంతటినీ కాపాడిన ఐగుప్తుకు ఇది ఎంతో దూరం.

సాగర్ ఆనకట్ట కారణంగా 1954 నుండి 1960 వరకు లోయను తవ్వారు. కొన్ని కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించారు. ఛాయాస్తంభాలను ఇప్పుడు ద్వీపంగా మారిన ఆ కొండపైని మ్యూజియంలో చూడవచ్చు. అవి మొదట నిలిచిన నేల జలాశయం అడుగున ఉంది. ఆ నీరే కుడి కాలువ వెంట పల్నాడు, ప్రకాశం మిరప, పత్తి చేలకు పారుతోంది.