హోటల్ పేరు చెప్పరు.. డబ్బు మాత్రం ముందే: అమెరికాలో చవక రూమ్ బిడ్డింగ్ అసలు కథ ఇదీ!

అమెరికాలో ఏ పెద్ద నగరానికి వెళ్లినా డౌన్‌టౌన్‌లో ఒక్క రాత్రి హోటల్ రూమ్ అంటే జేబుకు చిల్లు పడినట్టే. ఇంటర్వ్యూకి వెళ్లే ఎమ్మెస్ స్టూడెంట్ అయినా, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు న్యూయార్క్ చూపించాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా ముందు వెతికేది తక్కువలో రూమ్ ఎక్కడ దొరుకుతుందనే. అలా వెతుకుతుంటే ఒక ఆఫర్ కనిపిస్తుంది. ఫోర్ స్టార్ హోటల్, మంచి ఏరియా, మామూలు రేటు కంటే బాగా తక్కువ. హోటల్ పేరు మాత్రం ఉండదు. డబ్బు కట్టాకే చెబుతారు. ఒకసారి కట్టాక వెనక్కి ఇవ్వరు.

ఇది మోసం కాదు. పాతికేళ్లకు పైగా నడుస్తున్న పక్కా వ్యాపారం. ఒకప్పుడు బిడ్డింగ్‌తో నడిపారు, ఇప్పుడు సీక్రెట్ డీల్‌గా అమ్ముతున్నారు. దీని లెక్క తెలిసినవాళ్లకు నిజంగానే డబ్బు మిగులుతుంది. తెలియకుండా బటన్ నొక్కితే మిగలడం సంగతి అటుంచి, కట్టిందంతా పోయే ప్రమాదం కూడా ఉంది.

'రేటు మీరే చెప్పండి' ఎలా మొదలైంది?

1997లో జే వాకర్ అనే అమెరికన్ వ్యాపారి ప్రైస్‌లైన్ కంపెనీ పెట్టారు. 1998లో సైట్ మొదలైంది. ముందు విమాన టికెట్లు, అదే ఏడాది హోటల్ రూమ్‌లు కూడా అమ్మకానికి పెట్టారు. 'నేమ్ యువర్ ఓన్ ప్రైస్', అంటే రేటు మీరే చెప్పండి అనేది స్లోగన్. ఈ పద్ధతికి 1998లోనే అమెరికాలో పేటెంట్ కూడా వచ్చింది. 1999 మార్చిలో 16 డాలర్లకు ఇచ్చిన కంపెనీ షేరు మొదటి రోజే 69 డాలర్ల దగ్గర ముగిసింది. ఆ తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది. 2000 చివరికల్లా అదే షేరు రెండు డాలర్ల లోపుకి పడిపోయింది. ఇదే పద్ధతిలో కిరాణా సరుకులు, పెట్రోలు అమ్ముదామని వాకర్ పెట్టిన ఇంకో కంపెనీ కూడా ఆ ఏడాదే మూతపడింది. హోటల్ రూమ్‌ల బేరం మాత్రం నిలబడింది.

ఈ ఐడియాకి ఎంత గిరాకీ ఉందంటే, అప్పట్లో మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఎక్స్‌పీడియా దాదాపు ఇలాంటి హోటల్ సర్వీసే తెచ్చింది. 1999లో ప్రైస్‌లైన్ పేటెంట్ కేసు వేసింది. 2001లో రాజీ కుదిరింది.

ఇక యాడ్స్ సంగతి వేరే చెప్పాలి. 'స్టార్ ట్రెక్' హీరో విలియం షాట్నర్ ఏళ్ల తరబడి ప్రైస్‌లైన్ ముఖంగా ఉన్నారు. 'నెగోషియేటర్' క్యారెక్టర్‌లో, అంటే బేరగాడిగా కనిపించేవారు. 2012 యాడ్‌లో ఆ క్యారెక్టర్‌ని బస్సు ప్రమాదంలో చంపేశారు కూడా. మన సినిమాల్లోలాగే తర్వాత మళ్లీ తిరిగొచ్చాడనుకోండి!

పాట ఒక్కటే.. పాడేది మీరొక్కరే

బిడ్డింగ్ అనగానే మనకు బాలాపూర్ లడ్డూ వేలం గుర్తొస్తుంది. ఒకరు పాడితే ఇంకొకరు పెంచుతారు, అందరికీ వినిపిస్తుంది. ఇది అలా కాదు. పోటీలో ఇంకెవరు ఉన్నారో తెలీదు, అవతల ఏ హోటల్ ఉందో తెలీదు.

కస్టమర్ ముందు నగరం, తేదీలు సెలెక్ట్ చేయాలి. నగరాన్ని సైట్ కొన్ని జోన్లుగా విడగొట్టి చూపించేది. ఏ జోన్, ఎన్ని స్టార్లు అన్నది టిక్ పెట్టి, ఒక రాత్రికి ఎంత ఇస్తారో రాసి, కార్డు నంబర్ ఇవ్వాలి. ఆ జోన్‌లో అన్ని స్టార్లున్న హోటళ్లు తాము ఎంతకు దిగగలవో ముందే సిస్టమ్‌లో పెట్టి ఉంచేవి. మీ రేటు దానికి సరిపోతే అక్కడికక్కడే కార్డు నుంచి డబ్బు కట్ అవుతుంది, అప్పుడు హోటల్ పేరు తెరపైకి వస్తుంది. సరిపోకపోతే బిడ్ రిజెక్ట్.

సుల్తాన్ బజార్‌లో బేరం ఆడితే షాపు వాడు ఒప్పుకున్నా మనం "వద్దులే" అని నడిచి వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఆ చాన్స్ లేదు. అవతలివాళ్లు 'సరే' అన్న క్షణమే బేరం అయిపోయినట్టు.

ఇంకో మెలిక కూడా ఉంది. మీరు 120 డాలర్లు రాశారు, హోటల్ 90కే ఇవ్వడానికి రెడీగా ఉంది అనుకుందాం. మీ కార్డు నుంచి 120 పోతుంది. మధ్యలో తేడా సైట్ లాభం. అందుకే మొదటి బిడ్‌కే ఓకే వస్తే అనుభవం ఉన్నవాళ్లు సంతోషించేవారు కాదు, 'ఎక్కువ రాసేశామే' అని నొచ్చుకునేవారు. తెలివైన పద్ధతి కింద నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవడం. దాన్ని ఆపడానికే సైట్ ఒక రూల్ పెట్టింది. రిజెక్ట్ అయితే అదే బిడ్ మళ్లీ వేయాలంటే 24 గంటలు ఆగాలి. లేదంటే జోన్, స్టార్లు, తేదీల్లో ఏదో ఒకటి మార్చాలి.

జనం ఊరుకుంటారా? దానికీ దారి కనిపెట్టారు. ఉదాహరణకు మీకు డౌన్‌టౌన్‌లో ఫోర్ స్టార్ కావాలి. అదే నగరంలో ఇంకో జోన్‌లో త్రీ స్టార్‌కి మించి హోటళ్లే లేవు. మొదటి బిడ్ పోగానే ఆ రెండో జోన్‌ని కూడా టిక్ పెడతారు. సైట్ లెక్కలో 'మార్పు' జరిగింది కాబట్టి వెంటనే రేటు పెంచి మళ్లీ బిడ్ వేయొచ్చు. అక్కడ ఫోర్ స్టారే లేదు కాబట్టి రూమ్ అటు పడే భయం లేదు. ఇలాంటి జోన్లు మూడుంటే మూడు ఫ్రీ చాన్సులు. ఏ నగరంలో ఏ జోన్ ఇలా పనికొస్తుందో పట్టికలు రాసి పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

హోటల్‌కి ఏంటి లాభం?

ఈ రాత్రి ఖాళీగా ఉన్న రూమ్‌ని రేపు అమ్మలేరు. బయల్దేరిపోయిన ఆర్టీసీ బస్సులో ఖాళీ సీటు లాంటిదే. రూమ్ క్లీన్ చేయించే ఖర్చు, సబ్బులు, టవళ్ల ఖర్చు పోగా ఎంతొచ్చినా హోటల్‌కి మిగులే. అలాగని బోర్డు మీద రేటు తగ్గిస్తే, పూర్తి రేటు కట్టిన పక్క రూమ్ కస్టమర్ ఊరుకోడు. కంపెనీలతో ఏడాదికి కుదుర్చుకున్న రేట్లూ దెబ్బతింటాయి. పేరు దాచి అమ్మితే ఈ గొడవే ఉండదు. ఏ హోటలైనా పర్లేదు, రేటు తగ్గితే చాలు అనుకునేవాళ్లే ఇటు వస్తారు. ఆఫీసు ఖర్చుతో తిరిగేవాళ్లు, ఫలానా బ్రాండే కావాలనేవాళ్లు మామూలు రేటే కడతారు.

అంటే చవక రేటు ఎవరూ ఊరికే ఇవ్వడం లేదు. హోటల్ ఎంచుకునే హక్కు, మనసు మార్చుకునే హక్కు.. ఈ రెండూ వదులుకున్నందుకు దొరికే డిస్కౌంట్ అది. బ్రాండ్ మెంబర్‌షిప్ పాయింట్లు కూడా ఇలాంటి బుకింగ్స్‌కి సాధారణంగా రావు.

బిడ్డింగ్ పోయింది.. పేరు దాచడం మిగిలింది

2016లో విమాన టికెట్లకు బిడ్డింగ్‌ని ప్రైస్‌లైన్ ఆపేసింది. తర్వాత అద్దె కార్లకు, హోటళ్లకూ ఆ ఆప్షన్ తీసేశారు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో పని అయిపోవాలనుకునే జనానికి గంటసేపు జోన్లు మార్చుకుంటూ పాట పాడే ఓపిక లేదు మరి. దాని బదులు 'ఎక్స్‌ప్రెస్ డీల్స్' ఉన్నాయి. రేటు వాళ్లే చెబుతారు, ఏరియా, స్టార్లు, గెస్ట్ రేటింగ్, సౌకర్యాలు చూపిస్తారు, పేరు దాచేస్తారు. 'ప్రైస్‌బ్రేకర్స్' అనే ఇంకో రకంలో మూడు హోటళ్ల పేర్లు చూపించి, వాటిలో ఒకటి ఇస్తామంటారు. పేరు దాచే పద్ధతిని 2000లో మొదలైన హాట్‌వైర్ మొదటి నుంచీ 'హాట్ రేట్' పేరుతో నడిపిస్తోంది. ఇది ఇప్పుడు ఎక్స్‌పీడియా గ్రూపులో ఉంది. ప్రైస్‌లైన్ మాతృసంస్థ పేరు 2018 నుంచి బుకింగ్ హోల్డింగ్స్. మనవాళ్లు వాడే బుకింగ్ డాట్ కామ్, అగోడా కూడా దీనివే.

పేరు దాచినా కొంతవరకు ఊహించొచ్చు. అదే ఏరియా, అన్నే స్టార్లు పెట్టి మామూలు లిస్టు ఓపెన్ చేయండి. డీల్‌లో 'స్విమ్మింగ్ పూల్, ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్, రేటింగ్ 8 పైన' అని ఉంటే, ఆ మూడూ ఉన్న హోటళ్లు ఒకటో రెండో తేలతాయి. గ్యారంటీ లేదు, ఊహ మాత్రమే. ఆ లిస్టులో మీకు అస్సలు నచ్చని హోటల్ ఒక్కటి ఉన్నా ఆ డీల్ వదిలేయడం బెటర్. ఎందుకంటే దొరికేది అదే కావచ్చు.

ఏరియా మ్యాప్‌ని జూమ్ చేసి అంచుల దాకా చూడాలి. కారు లేనివాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఏరియా ఈ మూల నుంచి ఆ మూలకు ఎంత దూరం, రైలు స్టేషన్ ఎక్కడుంది అన్నది తేలాలి. న్యూయార్క్ వెళ్లేవాళ్లయితే నది అవతల న్యూజెర్సీ వైపు కూడా రేట్లు చూసుకోవాలి. జెర్సీ సిటీ నుంచి పాత్ రైలు నేరుగా మన్‌హట్టన్‌లోకి వెళ్తుంది. స్టేషన్ పక్కన పేరు తెలిసిన, క్యాన్సిల్ చేసుకోగలిగే రూమ్ దాదాపు అదే రేటుకు దొరికితే సీక్రెట్ డీల్‌తో పనేముంది?

తెరపై రేటు వేరు.. కట్టేది వేరు

పోల్చేటప్పుడు ఎప్పుడూ చివరి మొత్తాన్నే పోల్చాలి. న్యూయార్క్ నగరంలో హోటల్ రూమ్‌పై అన్ని పన్నులూ కలిపి 14.75 శాతం, దానిపైన రాత్రికి మూడున్నర డాలర్లు. అంటే 150 డాలర్ల రూమ్‌కి దాదాపు 25 డాలర్ల 60 సెంట్లు పన్నే. సైట్లు 'టాక్సెస్ అండ్ ఫీజ్' అని ఒకే లైన్‌లో చూపించే మొత్తంలో పన్నుతో పాటు వాళ్ల సర్వీస్ ఫీజు కూడా కలిసి ఉంటుంది.

దీనికి తోడు రిసార్ట్ ఫీజు, డెస్టినేషన్ ఫీజు అని రాత్రికి ఇంత అని హోటల్ విడిగా తీసుకునేది ఒకటుంది. లాస్ వెగాస్, న్యూయార్క్‌లలో ఇది మామూలే. 2025 మే 12 నుంచి అమలవుతున్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ప్రకారం, తప్పనిసరిగా కట్టాల్సిన ఫీజుల్ని మొదట చూపించే రేటులోనే కలపాలి. ప్రభుత్వ పన్నుల్ని మాత్రం విడిగా చూపించొచ్చు. పార్కింగ్ తప్పనిసరి కాదు కాబట్టి ఇందులోకి రాదు. డౌన్‌టౌన్‌లో కారు పెట్టడానికి అయ్యే డబ్బుతో మొత్తం డిస్కౌంట్ ఎగిరిపోయే సందర్భాలు ఉన్నాయి. అందుకే అద్దె కారుతో వెళ్లేవాళ్లు ముందు పార్కింగ్ రేటే చూసుకోవాలి.

వీళ్లు దూరంగా ఉంటేనే మంచిది

అమ్మానాన్నల వీసా స్టాంపింగ్ ఇంకా కాలేదా? అయితే నాన్ రీఫండబుల్ రూమ్ జోలికి వెళ్లొద్దు. ఇంటర్వ్యూలో 221జీ స్లిప్ చేతిలో పెడితే ఎన్ని వారాలు ఆగాలో ఎవరూ చెప్పలేరు. హోటల్ తేదీ మాత్రం ఆగదు.

'24 గంటల్లో క్యాన్సిల్ చేస్తే ఫుల్ రీఫండ్' అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ అమెరికా రూల్ విమాన టికెట్లకు. అది కూడా ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు బుక్ చేస్తేనే. హోటల్ రూమ్‌లకు అది వర్తించదు.

నలుగురు కుటుంబ సభ్యులు ఒకే రూమ్‌లో సర్దుకుందామనుకున్నా ఇబ్బందే. ఇలాంటి చాలా డీల్స్‌లో గ్యారంటీ ఇద్దరు పెద్దవాళ్లకే. ఒక పెద్ద మంచమా, రెండు మంచాలా అన్నది చెక్ ఇన్ టైమ్‌లో ఖాళీని బట్టి ఉంటుంది. అలాగే నగరంలో పెద్ద ఈవెంట్ ఉన్న రోజుల్లో ఆశ పెట్టుకోవద్దు. తానా, ఆటా మహాసభలు జరిగే వీకెండ్‌లో చుట్టుపక్కల హోటళ్లు ఎలాగూ నిండిపోతాయి. నిండే హోటల్ పేరు దాచి తక్కువకు అమ్మాల్సిన అవసరం ఏముంటుంది? అక్కడ నిర్వాహకులు మాట్లాడి పెట్టిన గ్రూప్ రేటే అడగడం మంచిది.

మరి ఎవరికి పనికొస్తుంది? తేదీ ఖాయమై, ఒకరో ఇద్దరో వెళ్తూ, రాత్రి పడుకోవడానికి మంచి రూమ్ ఉంటే చాలనుకునేవాళ్లకు. ఆఖరి ఒకటి రెండు రోజుల్లో, హోటళ్లు ఖాళీగా ఉండే సీజన్‌లో అయితే ఇంకా బాగా పనికొస్తుంది. బిజినెస్ ట్రిప్పులతో నిండే డౌన్‌టౌన్ హోటళ్లు శని, ఆదివారాల్లో ఖాళీ అవుతాయి, టూరిస్టుల ఊళ్లలో దీనికి రివర్స్.

బుక్ అయ్యాక ఏం చేయాలి?

రూమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే చెక్ ఇన్‌కి వెళ్లాలి. కొడుకు తన కార్డుతో, తన పేరుతో బుక్ చేసి అమ్మానాన్నలను ఒంటరిగా పంపిస్తే కౌంటర్ దగ్గర ఆగిపోతారు. గెస్ట్ పేరు దగ్గర పాస్‌పోర్టులో ఉన్నట్టే నాన్న పేరు రాయాలి. మనవాళ్లకు ఇంటిపేరు ముందా వెనకా అనే గందరగోళం ఉంటుంది కాబట్టి ఇది ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

రూమ్ డబ్బు ముందే కట్టేసినా కౌంటర్‌లో ఇంకో కార్డు అడుగుతారు. మినీ బార్, డ్యామేజ్ లాంటి వాటికి కొంత మొత్తం హోల్డ్ పెడతారు. క్రెడిట్ కార్డయితే పర్లేదు. డెబిట్ కార్డో, ఇండియా నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డో ఇస్తే ఆ డబ్బు చెక్ అవుట్ తర్వాత కూడా కొన్ని రోజులు చేతికి రాదు. కొన్ని హోటళ్లు డెబిట్ కార్డు అసలు తీసుకోవు. 21 ఏళ్లు నిండనివాళ్లకు రూమ్ ఇవ్వని హోటళ్లు కూడా ఉన్నాయి, లాస్ వెగాస్‌లో మరీ ఎక్కువ. బీటెక్ చేయడానికి వెళ్లిన పిల్లలు ఈ రూల్ ముందే చదువుకోవాలి.

హోటల్ పేరు తెరపైకి రాగానే ఆ హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేసి, బుకింగ్ చేరిందా అని అడిగి, రెండు మంచాలు కావాలంటే అప్పుడే చెప్పాలి. గూగుల్‌లో 'కస్టమర్ కేర్' అని వెతికితే పైన యాడ్‌గా వచ్చే నంబర్లకు చేయొద్దు. లేట్ నైట్ ఫ్లైట్‌కి దిగేవాళ్లు 'అర్ధరాత్రి దాటాక వస్తాం, నో షో వేయొద్దు' అని కూడా అదే కాల్‌లో చెప్పేసి, మాట్లాడినవాళ్ల పేరు రాసి పెట్టుకోవాలి.