ప్లాస్మా పూతల నుంచి క్యాన్సర్ చికిత్స వరకు
పీజీ విద్యార్థులకు విస్తరిస్తున్న పరిశోధన దారులు

తిరుపతి: భౌతికశాస్త్రంలో పీజీ పూర్తిచేసిన విద్యార్థులకు అధ్యాపక వృత్తి, పోటీ పరీక్షలే గమ్యమన్న అభిప్రాయం గ్రామీణ ప్రాంతాల్లో నేటికీ బలంగా ఉంది. అయితే ప్రయోగశాలలో సన్నని పొరలు తయారుచేసే ప్లాస్మా విజ్ఞానం ఇప్పుడు క్యాన్సర్ వైద్యంతో ముడిపడుతోంది. ఈ రెండు రంగాల సంస్థలూ తిరుపతి పరిసరాల్లోనే ఉండటం ఉమ్మడి చిత్తూరు జిల్లా విద్యార్థులకు కలిసివచ్చే అంశం.

ప్లాస్మా అంటే..
ఇది రక్తంలోని ప్లాస్మా కాదు. వాయువుకు తగినంత శక్తిని అందించినప్పుడు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ఏర్పడే విద్యుదావేశిత స్థితి. ఘన, ద్రవ, వాయు స్థితుల తరువాత దీనిని పదార్థపు నాలుగో స్థితిగా పరిగణిస్తారు. మెరుపులోనూ, ట్యూబ్‌లైటులోనూ ఉండేది ఇదే. 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దీనికి ఈ పేరు పెట్టారు.

పూత పూసే విధానం
శూన్యపేటికలో అల్పపీడనం వద్ద ఆర్గాన్ వాయువును నింపి విద్యుత్తును ప్రయోగిస్తే ప్లాస్మా ఏర్పడుతుంది. అందులోని అయాన్లు లోహపు పలకను ఢీకొని పరమాణువులను ఎగజిమ్ముతాయి. అవి ఎదురుగా ఉంచిన వస్తువుపై పొరగా పేరుకుంటాయి. దీనినే స్పటరింగ్ అంటారు. ఈ పొరల మందం సాధారణంగా ఒక మైక్రోమీటరు లోపే, అంటే తల వెంట్రుకలో దాదాపు నూరో వంతు. 1954లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో సౌరఘటాలు, లోహ ఆక్సైడ్ల పలుచని పొరలపై దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి.

వైద్యంలో ఉపయోగం
ఎముక క్యాన్సర్‌లో కణితిని తొలగించిన చోట అమర్చే లోహ పరికరాలు శరీరంలో చక్కగా ఇమిడిపోవాలన్నా, సూక్ష్మక్రిములు చేరకుండా ఉండాలన్నా వాటిపై పూత కీలకం. వ్యాధి సూచికలను గుర్తించే బయోసెన్సర్లలో పలుచని బంగారు పొరలను వాడుతున్నారు.

ఇక నేరుగా చికిత్సకు ఉద్దేశించినది శీతల ప్లాస్మా. హీలియం లేదా ఆర్గాన్‌తో, చర్మం కాలని ఉష్ణోగ్రతలో దీనిని ఉత్పత్తి చేస్తారు. ఇందులో పుట్టే చురుకైన ఆక్సిజన్, నైట్రోజన్ సమ్మేళనాలు క్యాన్సర్ కణాలను ఒత్తిడికి గురిచేసి నశింపజేస్తున్నట్లు ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. మానని గాయాల చికిత్సకు జర్మనీలో ఇటువంటి పరికరాలు వాడుకలోకి వచ్చాయి. అమెరికాలో క్యాన్సర్ శస్త్రచికిత్స అనంతరం మిగిలిన కణాలపై ప్రయోగించేందుకు 2019లో తొలిదశ పరీక్షలకు అనుమతి లభించింది.

అయితే దీని ప్రభావం కణజాలంలో ఎక్కువ లోతుకు చేరదు. శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీలకు ఇది ప్రత్యామ్నాయం కాదు. ప్లాస్మాతో క్యాన్సర్ నయమవుతుందన్న ప్రచారాన్ని నమ్మి రోగులు ప్రస్తుత చికిత్సను మానుకోవడం ప్రాణాపాయమే.

ఎక్కడెక్కడ..
ఏర్పేడు సమీపంలోని ఐఐటీ, ఐసర్‌లు 2015లో ప్రారంభమయ్యాయి. రెండింటిలోనూ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేయవచ్చు. ఐసర్‌లో జీవశాస్త్ర విభాగమూ ఉంది. వైద్యం వైపు 1993లో సేవలు ప్రారంభించిన స్విమ్స్, టీటీడీ స్థలంలో టాటా ట్రస్ట్స్ సహకారంతో నిర్మితమై 2022 మేలో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి తిరుపతిలోనే ఉన్నాయి. కేవలం ప్లాస్మాపైనే పనిచేయదలచిన వారికి 1986లో ఏర్పడిన గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ ప్రధాన కేంద్రం.

అర్హతలు, ఫెలోషిప్
యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. కోర్సు కాలవ్యవధి కనీసం మూడేళ్లు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, గేట్, జెస్ట్ ప్రధాన ప్రవేశ మార్గాలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఏపీఆర్‌సెట్ ద్వారా ప్రవేశాలు కల్పిస్తూ వచ్చాయి. జేఆర్ఎఫ్ సాధించిన వారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేలు, సీనియర్ ఫెలో అయ్యాక రూ.42 వేలు చొప్పున నిర్ణయించారు. పేద కుటుంబాల విద్యార్థులకు ఇదే పెద్ద అండ.

ఆసుపత్రి కొలువుకు వేరే చదువు
రేడియేషన్ చికిత్స విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా చేరడానికి సాధారణ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చాలదు. మెడికల్ ఫిజిక్స్‌లో పీజీ గానీ, ఎమ్మెస్సీ తరువాత రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా గానీ పూర్తిచేసి, నిర్దేశిత ఇంటర్న్‌షిప్ చేయాలి. ముంబయిలోని బాబా అణు పరిశోధన కేంద్రం ఈ డిప్లొమాను నిర్వహిస్తోంది.

చేరే ముందు..
పర్యవేక్షకుని ఇటీవలి పరిశోధన పత్రాలు, ప్రయోగశాలలో పనిచేస్తున్న పరికరాల గురించి ముందుగానే వాకబు చేయాలి. కణాలపై పరీక్షలకు జీవశాస్త్ర విభాగం తోడ్పాటు, రోగుల నమూనాలకు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ఈ ఏర్పాట్లు లేకుండా అంశాన్ని ఎంచుకుంటే విలువైన ఏళ్లు వృథా అవుతాయి. ప్రవేశ తేదీలను ఆయా సంస్థల అధికారిక ప్రకటనల్లోనే సరిచూసుకోవాలి.